లోషన్‌లో పట్టు వేరు, చిక్కదనం వేరు

(సంఘం వార్షిక సమావేశం సందర్భంగా మహిళా విభాగం ఏర్పాటు చేసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము బడిలో ఉర్దూలో పాఠాలు చెప్పేవాళ్ళం. సైన్సు, లెక్కలు ఉర్దూలోనే నేర్చుకున్నాం, ఉర్దూలోనే నేర్పుతున్నాం. అయినా ఈ ప్రసంగం తెలుగులోనే ఉండాలని కార్యదర్శిగారు పట్టుబట్టారు. మన పిల్లలు చాలామంది ఇప్పుడు తెలుగు, ఇంగ్లీషు బళ్ళలో చదువుతున్నారనీ, సంచికలో అచ్చయిన తర్వాత ఇంటిల్లిపాదీ చదువుకోగలగాలనీ ఆయన అభిప్రాయం. కాబట్టి మా తెలుగులో తప్పులు దొర్లితే మన్నించాలి. ఎర్రసిరాతో దిద్దే అలవాటు మాది, ఈరోజు దిద్దే వంతు మీది.

విషయం లోషన్. వినడానికి చిన్న సంగతే. కానీ దీని వెనుక మన సంఘం తలదించుకోవలసిన కథ ఒకటి ఉంది. అందులో ముఖ్యమైన తప్పు మాదే గనుక ముందుగా అదే చెప్పేస్తాం.

2022 చలికాలంలో మా అమ్మీకి మడమలు నెత్తురు చిమ్మేటంతగా పగిలాయి. మన కర్నూలు గాలి సంగతి మీకు తెలిసిందే గదా, ఎండాకాలం ఎంత మండిస్తుందో చలికాలం అంత ఆరబెడుతుంది. బజారులో కొన్న సీసా ఏదీ ఆమెకు పడలేదు, వాసనకే తలనొప్పి వచ్చేది. సైన్సు మాస్టరం గదా, ఇంట్లోనే చేద్దామనుకున్నాం. కొబ్బరినూనె, తేనెమైనం కరిగించి, పన్నీరు పోసి, మజ్జిగ కవ్వంతో గిలకొట్టాం. తెల్లగా, వెన్నలాగా వచ్చింది. ఇంట్లోవారు చూసి మెచ్చుకున్నారు. తెల్లవారి మూత తీస్తే మైనం గడ్డ మీద పన్నీరు బొట్లు బొట్లుగా నిలబడి ఉంది, చెమట పట్టినట్టు.

అప్పుడు చేసిన ఆలోచనే మా కొంప ముంచింది. "పలచగా ఉంది, అందుకే విడిపోయింది, చిక్కబరిస్తే సరి" అనుకున్నాం. తుమ్మబంక నానబెట్టి కలిపాం. ఈసారి రెండు రోజులు, నాలుగు రోజులు, వారం గడిచినా విడిపోలేదు. విజయం సాధించామని సంబరపడ్డాం. 2023 జనవరిలో మన మహిళా కేంద్రంలో ఐదారుగురు చెల్లెళ్ళకు ఇదే పద్ధతి నేర్పాం. 48 సీసాలు తయారయ్యాయి. వాళ్ళలో ఒక బెహన్, భర్త పోయి ఇద్దరు పిల్లలతో ఉన్నవారు, సీసాలకూ మూతలకూ అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టారు. సంఘం బల్ల మీదే అమ్మాం.

రంజాన్ వచ్చేసరికి సీసాలు ఒక్కొక్కటే తిరిగి రావడం మొదలైంది. అడుగున నీళ్ళు, పైన నూనె, మధ్యలో జిగట. కొన్నింటిలో నల్లటి చుక్కలు. ఒక నానీమా మనవడికి ఒళ్ళంతా రాశారట, పిల్లవాడికి దద్దుర్లు లేచి డాక్టరు దగ్గరికి తీసుకుపోవలసి వచ్చింది. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. సీసా తెచ్చి మా గుమ్మంలో పెట్టి, "మాస్టరు సాబ్, మీరు చేశారు గదా అని నమ్మాను" అన్నారు. అంతే. అందరికీ డబ్బు తిరిగి ఇచ్చేశాం. ఆ బెహన్ అప్పు తీరడానికి మాత్రం ఏడాది పట్టింది.

ఆ తర్వాత కూర్చుని చదవడం మొదలుపెట్టాం. చదివిన మీదట తెలిసింది ఒక్కటే. మేము రెండు వేర్వేరు పనులను ఒకటే పని అనుకున్నాం. నూనెను, నీటిని కలిపి పట్టి ఉంచడం ఒక పని. దానికి కావలసినది ఎమల్సిఫయర్. కలిసిన దానిని చిక్కగా, వేలితో తీసుకునేటట్టుగా చేయడం మరొక పని. దానికి కావలసినది థిక్కెనర్. మొదటిదాని లోటును రెండవదానితో కప్పిపుచ్చాలని చూశాం.

దీనికి మన వంటింట్లోనే సాక్ష్యం ఉంది. దాల్చా వండుతారు. పప్పు చిక్కదనంలో నూనె కలిసిపోయినట్టే కనబడుతుంది. పొద్దున్నే గిన్నె మూత తీస్తే నూనె అంతా పైన తేలి ఉంటుంది. చిక్కదనం నూనెను ఆపింది గానీ పట్టలేదు. రంజాన్ షర్బత్‌లో వేసే గోంద్ కతీరా చూడండి. నీటిని పీల్చుకుని ఉబ్బి గ్లాసు నిండుతుంది. అందులో చెంచాడు నూనె వేసి కలిపి చూడండి, కాసేపటికి నూనె తన దారిన తాను పైకి చేరుతుంది. ఇప్పుడు పాల సంగతి చూద్దాం. పాలలోనూ వెన్న ఉంది, నీరూ ఉంది. గేదెపాలు పిండి పక్కన పెడితే మీగడ పైకి తేలుతుంది. ప్యాకెట్ పాలలో మాత్రం అలా తేలదు. రెండూ ఇంచుమించు ఒకే పలచదనం. తేడా ఎక్కడుంది? డెయిరీలో పాలను గట్టి ఒత్తిడితో సన్నటి సందుల గుండా పంపి, వెన్న బొట్లను అతి చిన్నవిగా చేస్తారు. చిన్న బొట్టు చుట్టూ పాలలోని ప్రోటీను పొరలాగా పట్టుకుని, మరో బొట్టుతో కలిసిపోకుండా కాపాడుతుంది.

స్టోక్స్ అనే గణితవేత్త 1851లో ప్రచురించిన సూత్రం ఒకటి పదవ తరగతి పిల్లవాడు కూడా వేయగలిగినది. బొట్టు పైకి తేలే వేగం దాని వ్యాసార్థపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, ద్రవం చిక్కదనాన్ని బట్టి తగ్గుతుంది. అనగా, లోషన్‌ను పది రెట్లు చిక్కబరిస్తే విడిపోవడం పది రెట్లు ఆలస్యమవుతుంది. బొట్టును పదో వంతుకు తగ్గిస్తే నూరు రెట్లు ఆలస్యమవుతుంది. ఏది లాభమో లెక్కే చెబుతోంది. బొట్టు చిన్నదై, చిన్నదిగానే నిలవాలంటే ఎమల్సిఫయర్ ఉండి తీరాలి. మా 48 సీసాలలో చిక్కదనం వల్ల విడిపోవడం ఆలస్యమైంది, అంతే. ఆలస్యమయింది గనుకనే మేము మోసపోయాం. మొదటి రోజే విడిపోయి ఉంటే అమ్మేవాళ్ళమే కాదు.

ఎమల్సిఫయర్ అణువుకు రెండు కొసలు ఉంటాయి. ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, ఒకటి నూనెను. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు మాట్లాడే మన వంటిదన్నమాట. ఆ రెండు కొసల్లో ఏది బలమైనదో చెప్పడానికి అమెరికాలో గ్రిఫిన్ అనే రసాయనవేత్త 1949లో ఒక కొలమానం పెట్టాడు. దానిని హెచ్.ఎల్.బి. అంటారు. సుమారు 0 నుంచి 20 వరకు అంకెలు. 3 నుంచి 6 దాకా ఉన్నవి నూనెలో నీటి బొట్లను పట్టి ఉంచుతాయి, జిడ్డుగా ఉండే కోల్డ్ క్రీము అటువంటిది. 8 దాటినవి నీటిలో నూనె బొట్లను పట్టి ఉంచుతాయి, మనం లోషన్ అనేది సాధారణంగా ఇదే. సీసా ఏ జాతిదో తెలుసుకోవాలంటే ఒక చుక్క నీళ్ళ గ్లాసులో వేయండి. పాలలాగా కలిసిపోతే బయట ఉన్నది నీరు. ముద్దగా తేలితే బయట ఉన్నది నూనె.

ఇక దుకాణంలో దొరికేవాటి సంగతికి వద్దాం. ఏది కొనాలనే ప్రశ్నే చెల్లెళ్ళు మమ్మల్ని ఎక్కువగా అడుగుతున్నారు.

తేనెమైనం. దీనిని ఎమల్సిఫయర్ అని చాలామంది నమ్ముతారు, మేమూ నమ్మాం. ఒంటరిగా అది ఆ పని చేయదు, చిక్కబరుస్తుంది అంతే. అందులోని ఆమ్లానికి వెలిగారం, అంటే మన సుహాగా తోడైతే సబ్బు వంటి పదార్థం పుట్టి, అప్పుడు పట్టు వస్తుంది. పాతకాలపు కోల్డ్ క్రీములు ఇలాగే చేసేవారు. మైనం, ఆలివ్ నూనె, పన్నీరు కలిపిన లేపనం మన హకీములు జాలీనూస్ అని పిలిచే గాలెన్ పేరు మీద, రెండవ శతాబ్దం నాటి నుంచి చెప్పుకుంటున్నారు. కానీ సుహాగా పగిలిన చర్మం మీదా, పసిపిల్లల మీదా వాడదగినది కాదు. మా ఇంట్లో దానిని మానేశాం.

స్టియరిక్ యాసిడ్. తెల్లటి పలుకులుగా అమ్ముతారు. దీనికీ అదే కథ. ఒంటరిగా ఉంటే చిక్కబరుస్తుంది. క్షారం కలిస్తే కొంత భాగం సబ్బుగా మారి పట్టునిస్తుంది, మిగిలినది గట్టిదనాన్ని, ముత్యం వంటి మెరుపును ఇస్తుంది. మన పెద్దవాళ్ళు స్నో అని పిలిచినవన్నీ ఈ జాతివే. 1919లో బొంబాయిలో పాటన్‌వాలా గారు తెచ్చిన అఫ్గాన్ స్నో డబ్బా మా నానీమా పెట్టెలో ఖాళీగా ఉన్నా వాసన వచ్చేది, సూదులూ గుండీలూ అందులో దాచుకునేవారు. అయితే స్నో తీరే వేరు. రాయగానే మాయమవుతుంది, సబ్బుతనం వల్ల ఎండిన చర్మానికి అంతగా హితవు కాదు. పైగా ఇంట్లో కాస్టిక్ క్షారంతో పని పెట్టుకోవద్దు. చెంచా తేడా వస్తే చేతులు కాలుతాయి. పిల్లలు తిరిగే ఇల్లు గదా.

గుడ్డు పచ్చసొన, సోయా నుంచి తీసే లెసితిన్. పచ్చసొనతో మయొనైజ్ నిలబడుతుంది, నిజమే. కానీ గుడ్డు వేసిన లోషన్‌ను ఎన్నాళ్ళు దాస్తారు? లెసితిన్ పనికివస్తుంది గానీ రంగు, వాసన, జిగట ఉంటాయి, మొదటిసారి చేసేవారికి లొంగదు.

ఎమల్సిఫయింగ్ వాక్స్. మా అనుభవంలో ఇంటివారికి ఇదే సరైనది. అయితే ఇక్కడ ఒక పెద్ద చిక్కు ఉంది, దయచేసి జాగ్రత్తగా వినండి. ఈ ఒక్క పేరుతోనే రెండు వేర్వేరు సరుకులు అమ్ముతారు. ఒకటి సీటోస్టియరిల్ ఆల్కహాల్‌కు సోడియం లారిల్ సల్ఫేట్ కలిపినది. ఈ సల్ఫేట్ షాంపూలో నురగ కోసం వేసేదే. రెండవది అదే ఆల్కహాల్‌కు పాలీసార్బేట్ 60 కలిపినది. మొదటిది పట్టునిస్తుంది గానీ సున్నితమైన చర్మాన్ని మండిస్తుంది. బ్రిటన్‌లో ఆ సల్ఫేట్ ఉన్న ఏక్వియస్ క్రీము రాసినప్పుడు చర్మం మండుతున్నదనీ, ముఖ్యంగా ఎగ్జిమా ఉన్న పిల్లల విషయంలో జాగ్రత్త అవసరమనీ 2013లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ డాక్టర్లను హెచ్చరించింది. మీరు పాలీసార్బేట్ ఉన్నదే అడగండి. సంచి మీద ఏమున్నదో రాయని సరుకు కొనవద్దు. దుకాణదారు "రెండూ ఒకటేనమ్మా" అంటే ఇంకో దుకాణం చూసుకోండి.

ఈ వాక్స్ ఎందుకు సులువో ఒక లెక్కతో చెప్తాం. వంటనూనెలు నీటిలో నిలవాలంటే చాలావాటికి 7, 8 ప్రాంతపు హెచ్.ఎల్.బి. కావాలి. 8 అనుకుందాం. ట్వీన్ 80కి 15, స్పాన్ 80కి 4.3. రెంటినీ ఏ పాళ్ళలో కలిపితే 8 వస్తుంది? ఒక వంతు ట్వీన్‌కు రెండు వంతుల స్పాన్ కలిపి చూడండి. 15కు రెండుసార్లు 4.3 కలిపితే 23.6. మూడుతో భాగిస్తే 7.87. సరిపోయింది. మా తొమ్మిదో తరగతి పిల్లలు దీనిని పాలల్లో నీళ్ళు కలిపే లెక్క అని నవ్వుతూ చేశారు. అయితే నూనె మారితే లెక్క మారుతుంది. వాక్స్‌లో నీటివైపు మొగ్గేదీ, నూనెవైపు మొగ్గేదీ ముందే జోడు కట్టి ఉన్నాయి గనుక మీకు ఆ తూకపు బాధ చాలావరకు తప్పుతుంది.

ఇక చిక్కబరిచేవి. వీటిలో రెండు రకాలు, నూనెవైపువి, నీటివైపువి.

నూనెవైపు మంచిది సీటైల్ ఆల్కహాల్. ఈ పేరు వినగానే మన మహిళా కేంద్రంలో పెద్ద గొడవే అయింది. ఒక ఆపా డబ్బా తీసి బయట పెట్టేశారు. వారి మీద మాకు కోపం లేదు, అడగవలసిన ప్రశ్నే. ఆల్కహాల్ అన్న మాట అరబీలోని అల్-కుహ్ల్ నుంచి వచ్చింది, అంటే మనం కళ్ళకు పెట్టుకునే సుర్మా. మెత్తని పొడికి పెట్టిన పేరు తిరిగి తిరిగి సారాయికి చేరింది. రసాయనశాస్త్రంలో ఇప్పుడది ఒక పెద్ద కుటుంబం పేరు. ఆ కుటుంబంలో మత్తునిచ్చేది ఒకటైతే, సీటైల్ ఆల్కహాల్ కొవ్వొత్తి మైనం వంటి గట్టి పదార్థం, 50 డిగ్రీల దగ్గర గానీ కరగదు. తాగేదీ కాదు, మత్తిచ్చేదీ కాదు.

అసలు అడగవలసిన ప్రశ్న పేరు గురించి కాదు, పుట్టుక గురించి. 1817లో ఫ్రాన్సులో షెవ్రోల్ దీనిని మొదట తిమింగలం తల నుంచి తీసే మైనంలో కనుగొన్నాడు. ఇప్పుడు ఎక్కువగా పామ్ నూనె నుంచి తీస్తారు. స్టియరిక్ యాసిడ్ మాత్రం పామ్ నూనె నుంచీ రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. చూడటానికి, వాసనకు తేడా తెలియదు. గ్లిజరిన్‌దీ, పాలీసార్బేట్‌దీ ఇదే సంగతి. మేము ముఫ్తీలం కాము, ఫత్వా చెప్పే అర్హత మాకు లేదు. కొనేటప్పుడు వృక్ష సంబంధమైనదని సరఫరాదారు చేత కాగితం మీద రాయించుకోండి అని మాత్రం చెప్పగలం. మేము రాయించుకున్నాం. మొదట అడిగినప్పుడు విసుక్కున్నాడు, పది కిలోలు కొంటామనగానే రాసిచ్చాడు.

నీటివైపు చిక్కబరిచేవాటిలో మేము వాడుతున్నది జాంథన్ గమ్. నూటికి 0.2 వేసినా సరిపోతుంది, 0.5 దాటితే చీమిడిలాగా సాగుతుంది, మాట మోటుగా ఉన్నా అదే నిజం. దీనిని నేరుగా నీళ్ళలో చల్లవద్దు, గోధుమపిండిలాగా ఉండలు కట్టి ఎంత తిప్పినా విడవవు. ముందు గ్లిజరిన్‌లో కలిపి జారుగా చేసి, అప్పుడు నీళ్ళు పోయాలి. గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్ కూడా ఈ పనే చేస్తుంది, కాస్త జిగట ఎక్కువ. కార్బోమర్ అనే పొడి అద్దంలాంటి జెల్ ఇస్తుంది గానీ దానికి క్షారం కావాలి, ఉప్పు తగిలితే నీరుగారిపోతుంది. కలబంద రసం పోయగానే పలచబడిపోయిందని ఒక చెల్లెలు వాపోయింది, కారణం ఆ రసంలోని లవణాలే. మేము వేసిన తుమ్మబంకను పూర్తిగా తప్పు పట్టలేం. ఆ జాతి బంకకు కొంత పట్టునిచ్చే గుణం ఉంది, శీతల పానీయాల్లో వాడతారు. కానీ చర్మం మీద ఎండి బిగుసుకుంటుంది, పైగా సూక్ష్మజీవులకు మంచి భోజనం.

ఇప్పుడు 100 గ్రాములకు మేము స్థిరపడిన కొలతలు చెప్తాం, రాసుకోండి. నీళ్ళు 75.8 గ్రాములు, గ్లిజరిన్ 4, నువ్వుల నూనె 12, పాలీసార్బేట్ ఉన్న ఎమల్సిఫయింగ్ వాక్స్ 5, సీటైల్ ఆల్కహాల్ 2, జాంథన్ 0.2, ప్రిజర్వేటివ్ 1. కూడితే 100. చెంచాలతో కాదు సుమా, బంగారం తూచే మాదిరి చిన్న కాటాతో తూచండి. నీళ్ళు కాచి చల్లార్చినవి కాదు, డిస్టిల్డ్ వాటర్ వాడండి, మన బోరు నీళ్ళలోని లవణాలు పని చెడగొడతాయి. నూనె, వాక్స్, సీటైల్ ఒక గిన్నెలో, నీళ్ళు, గ్లిజరిన్, జాంథన్ మరో గిన్నెలో పోసి, రెంటినీ మరిగే నీళ్ళ గిన్నెలో నిలబెట్టి 70, 75 డిగ్రీలకు తేవాలి. రెండూ ఒకే వేడిలో ఉండాలి. ఒకటి చల్లగా ఉంటే మైనం అక్కడే గడ్డకట్టి పలుకులు పలుకులుగా వస్తుంది. కలిపాక రెండు మూడు నిమిషాలు బ్లెండర్ పట్టి, తర్వాత చల్లారేదాకా గరిటెతో మెల్లగా తిప్పుతూ ఉండాలి. ఈ తిప్పడంలోనే చాలామంది తొందరపడతారు. సగం వేడిలో వదిలేసి అసర్ నమాజుకు వెళ్ళి వచ్చి చూస్తే పైన పెచ్చు కట్టి ఉంటుంది, మాకు జరిగింది.

ప్రిజర్వేటివ్ 40 డిగ్రీలకు దిగాక వేయాలి. దీని మీద మాతో వాదించేవాళ్ళు ఉన్నారు. "ఇంట్లో చేసుకునేదే మందులు లేకుండా ఉండాలని గదా" అంటారు. నీరు ఉన్న ప్రతి వస్తువులోనూ సూక్ష్మజీవులు పెరుగుతాయి. కంటికి బూజు కనబడేసరికి అవి ఎప్పుడో నిండిపోయి ఉంటాయి. ఆ పిల్లవాడి ఒంటి మీది దద్దుర్లు మాకు గుర్తున్నాయి. విటమిన్ ఇ నూనె కారువాసన రాకుండా ఆపుతుందే గానీ సూక్ష్మజీవులను ఆపదు. పసుపు, వేపాకు, నిమ్మరసం, తేనె వేస్తే చాలుననుకోవద్దు. ఫినాక్సీఇథనాల్ వాడితే నూటికి ఒకటి దాటవద్దు. అది ఒక్కటే బూజు మీద అంత బలంగా పనిచేయదు, అందుకని మరొకదానితో కలిపి అమ్మే మిశ్రమం కొనడం మేలు. ఇవేవీ ఇష్టం లేనివారికి నిజాయితీ గల దారి ఒకటుంది. నీళ్ళు మానేయండి. మైనం, నూనె మాత్రమే కరిగించి చేసే లేపనాన్ని యునానీలో ఖైరూతీ అంటారు. నాలుగు వంతుల నూనెకు ఒక వంతు మైనం. ఎమల్సిఫయర్ అక్కర్లేదు, పట్టు బాధే లేదు. డబ్బాలోకి తడిచేయి పోనివ్వకుండా వాడుకుంటే చాలు. మా అమ్మీ మడమలు చివరికి నయమైనది దానితోనే, లోషన్‌తో కాదు. ఇంత ప్రసంగం చేస్తూ ఇది ఒప్పుకోవడం మాకు కొంచెం ఇబ్బందే.

తయారైన దానిని వెంటనే నమ్మవద్దు. ఒక చిన్న సీసా ఫ్రిజ్‌లో ఒక రోజు, తర్వాత ఎండ తగిలే గదిలో ఒక రోజు, ఇలా మూడుసార్లు మార్చి చూడండి. మనకు మే నెల 40 డిగ్రీలు దాటుతుంది, జనవరిలో చేసినది మేలో ఎలా ఉంటుందో ముందే తెలియాలి. పైకి మీగడలాగా తేలి, ఊపితే కలిసిపోతే బొట్లు ఇంకా బతికే ఉన్నాయి, అప్పుడు చిక్కదనం కాస్త పెంచితే సరిపోవచ్చు. నూనె తేటగా విడిపోయి, ఊపినా కలవకపోతే పట్టు పోయింది. ఎంత బంక వేసినా రాదు, పారబోయండి. ఈ ఒక్క తేడా తెలియకనే ఆరోజు 48 సీసాలు నింపాం.

చివరగా చెప్పవలసినది అందరికీ నచ్చకపోవచ్చు. మనం అప్పుడు అమ్మిన తీరే తప్పు, లోషన్ బాగున్నా తప్పే. అమ్మకానికి సౌందర్య సామగ్రి తయారు చేయాలంటే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 నాటి కాస్మెటిక్స్ నియమాల కింద రాష్ట్ర అధికారుల లైసెన్సు ఉండాలి. దానికి వేరే గది, అర్హత గల మనిషి, రికార్డులు కావాలి. వంటింట్లో కుదరదు. ఖైరూతీకి కూడా ఇదే వర్తిస్తుంది. కాబట్టి ఈ కొలతలు ప్రస్తుతం మీ ఇళ్ళలో వాడుకోవడానికే. అప్పు తెచ్చిన ఆ బెహన్ మళ్ళీ చేస్తానంటున్నారు. ఈసారి సరైన దారిలో చేయాలంటే ఒక్కరి వల్ల కాదు, సంఘం మేడ మీది ఖాళీ గది ఇచ్చి, కెమిస్ట్రీ చదివిన మన పిల్లల్లో ఒకరిని పెట్టుకోవాలి. ఈ కోరిక కార్యవర్గానికి రాతపూర్వకంగా ఇచ్చాం. అధ్యక్షులవారు ఇక్కడే ఉన్నారు గనుక అందరి ముందూ మరోసారి గుర్తు చేస్తున్నాం.

ద్వారం పక్కన బల్ల మీద మూడు సీసాలు పెట్టాం, మూడూ ఒకే రోజున చేసినవి. మొదటిది 2023 నాటి పద్ధతిలో మైనం, తుమ్మబంకతో చేసినది. రెండవదానిలో ఎమల్సిఫయింగ్ వాక్స్ ఉంది గానీ సీటైల్, జాంథన్ లేవు. మూడవదానిలో అన్నీ ఉన్నాయి. తేదీలు వేసి, వారం వారం ఎలా ఉన్నదో ఆ బెహన్ రాసిన నోటు పుస్తకం పక్కనే ఉంది. సీసాలను తలకిందులు చేసి చూడండి, వెలుతురుకు పెట్టి చూడండి. మూత తీసి వేలు మాత్రం పెట్టవద్దు, మొదటి సీసాలో ప్రిజర్వేటివ్ వేయలేదు.